పిల్లి వాంతులు: డెల్టా ఇళ్ళలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పశువైద్యం చేస్తున్న నా దగ్గరకు పిల్లిని తెచ్చేవారు దానిని బుట్టలోంచి దించకముందే, "ఇది ఎప్పుడూ కక్కుతూనే ఉంటుందండీ, అది మామూలే, ఇవాళే ఎందుకో మెతకగా ఉంది" అంటారు. నా అనుభవంలో ఆ "మామూలే" అన్న మాటే జబ్బును నెలల తరబడి దాచిపెడుతుంది.

అపోహ: కక్కడం పిల్లి స్వభావం.

వాస్తవం: ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండను కక్కి, మరుక్షణమే తిండి కోసం కాళ్ళకు అడ్డం పడే పిల్లి గురించి కంగారు అక్కరలేదు. ఆత్రంగా మింగి, అరగని తిండిని అలాగే వెళ్ళగక్కే పిల్లికి వెడల్పాటి పళ్ళెంలో కొంచెం కొంచెంగా పెడితే చాలావరకు సర్దుకుంటుంది. అయితే వారానికి ఒకసారో, అంతకన్నా ఎక్కువగానో కక్కుతూ ఉంటే కారణం వెతకవలసిందే. తిండి పడకపోవడం, ప్రేగుల వాపు, నులిపురుగులు కారణం కావచ్చు. పదేళ్ళు దాటిన పిల్లులలోనైతే మూత్రపిండాల జబ్బును, థైరాయిడ్‌ను, ప్రేగుల క్యాన్సర్‌ను కూడా అనుమానించాలి. థైరాయిడ్ ఎక్కువైన పిల్లి ఆబగా తింటూనే చిక్కిపోతుంది కనుక ఇంట్లోవారికి అనుమానమే రాదు. గోడ క్యాలెండరులో పాల లెక్క రాసుకునే చోటే, వాంతి అయిన రోజున ఒక గీత పెట్టండి. రక్తపరీక్ష కన్నా ముందు నేను అడిగేది ఆ గీతలనే.

అపోహ: నోట్లో దారం వేలాడుతుంటే మెల్లగా లాగేయవచ్చు.

వాస్తవం: లేసు అల్లే మన ఇళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే. పిల్లి నాలుక మీది ముళ్ళు గొంతువైపు వంగి ఉంటాయి కనుక, ఒకసారి నోట పడిన దారం బయటకు రావడం కష్టం, లోపలికి పోవడమే తేలిక. ఒక కొస నాలుక కిందో, కడుపు నుంచి ప్రేగులోకి వెళ్ళే చోటో చిక్కుకుంటే, మిగిలిన దారాన్ని ప్రేగు ముందుకు నెట్టబోయి, బొందు లాగిన లంగాలాగా తానే కుచ్చిళ్ళు పడుతుంది. బిగిసిన దారం ప్రేగును కోసేస్తుంది. మనం లాగితే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. దారం నోట్లో కనిపించినా, మలద్వారం దగ్గర కనిపించినా ముట్టుకోకుండా వెంటనే తీసుకురండి. గేలపు తాడుకూ ఇదే మాట, పైగా దానికి కొక్కెం కూడా ఉంటుంది.

అపోహ: బల్లిని తిన్నది, విషం ఎక్కింది.

వాస్తవం: ఇంటి బల్లిలో విషం లేదు. కాకపోతే వేడి, తేమ ఉన్న ప్రాంతాలలో బల్లుల ద్వారా ఒక రకం కాలేయపు పురుగు పిల్లికి సోకగలదు. వాంతులతోపాటు కళ్ళు, చిగుళ్ళు పచ్చబడితే దాని కోసం చూడాలి.

అపోహ: ఎలుకల మందు తింటే పాలు పోయాలి.

వాస్తవం: వరి చేలలో వాడే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది. తిండి పడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది. పాలు వద్దు, ఉప్పునీళ్ళు అసలే వద్దు. ఆ వాంతి నుంచి వచ్చే వాయువు మనకూ ప్రమాదమే కనుక, కిటికీలు తెరిచి, దానికి ఎడంగా ఉండండి.

అపోహ: ఒళ్ళు వేడిగా ఉంటే పారాసిటమాల్ ముక్క వేయవచ్చు.

వాస్తవం: దానిని విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. 500 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క కూడా ప్రాణం తీయగలదు.

వాంతిలో రక్తం కనిపించినా, తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా, పిల్ల పిల్లి డీలాపడినా, పెద్ద పిల్లి రోజంతా తిండి ముట్టకపోయినా అదే రోజు చూపించండి. మగపిల్లి మూత్రానికి మళ్ళీ మళ్ళీ కూర్చుని, చుక్క రాక, ఆపైన కక్కుతూ ఉంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు కనుక, రాత్రయినా ఆగకూడదు. వచ్చేటప్పుడు క్యాలెండరు ఫోటో, వాంతి ఫోటో, మందు ఏదైనా మింగిందన్న అనుమానం ఉంటే దాని పొట్లం వెంట తెండి.