చంద్రుణ్ని ఫ్లెక్స్ మీద వేసేముందు: అంతరిక్ష ఫొటోల మీద అపోహలు - వాస్తవాలు

ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం, అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు. ఆ సీజన్ వచ్చిందంటే విజయవాడ గవర్నర్‌పేటలో మా డిజైనింగ్ టేబుల్ మీద ఎక్కువగా చంద్రుడు, అంగారకుడే. స్కూళ్ల సైన్స్ సార్లు, మేడమ్‌లు, ప్రాజెక్టు చార్టు కోసం వచ్చే తల్లిదండ్రులు చెప్పే మాటలు ఏటా ఇవే.

అపోహ: "గూగుల్‌లో దొరికింది. 300 డీపీఐ చేసి వేసేయండి."

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు వేయాలో చెబుతూ ఫైల్లో రాసి ఉండే ఒక అంకె. 72 తీసేసి 300 అని కొట్టినంత మాత్రాన బొమ్మలో కొత్త వివరం ఒక్కటి కూడా చేరదు. చూడాల్సింది పిక్సెళ్లు, అంటే బొమ్మలో ఉన్న చుక్కలు. పదడుగుల ఫ్లెక్స్‌కి అంగుళానికి 72 చొప్పున వేసుకున్నా 8,640 పిక్సెళ్ల వెడల్పు కావాలి. రెండడుగుల సన్‌బోర్డ్ చార్టును పిల్లలు దగ్గర నిలబడి చూస్తారు, దానికి అంగుళానికి 150 అయినా ఉండాలి, అంటే 3,600. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన చంద్రుడిలో అన్ని మిగలవు. పంపక తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి.

నాసా ఇమేజ్ లైబ్రరీలో కూడా తెర మీద కనిపించే బొమ్మపై రైట్ క్లిక్ కొట్టి సేవ్ చేసుకుంటే వచ్చేది చిన్న కాపీ. డౌన్‌లోడ్ బటన్ నొక్కి, సైజుల జాబితాలో "ఒరిజినల్" ఎంచుకోండి. అసలు ఫైలు పేరు చివర "ఒరిగ్" అని ఉంటుంది.

అపోహ: చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో యాత్రల ఫొటోల ఒరిజినల్స్ పోయాయట కదా!

పోయినవి ఫొటోలు కావు. అపోలో 11 నుంచి నేరుగా వచ్చిన టీవీ సిగ్నల్ రికార్డయిన టెలిమెట్రీ (నౌక పంపే డేటా) టేపులు. వాటిని చెరిపేసి మళ్లీ వాడేశారని 2009లో నాసాయే చెప్పింది. హాసెల్‌బ్లాడ్ కెమెరాల్లో తీసిన 70 మిల్లీమీటర్ల ఫిల్ము మాత్రం హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో చల్లటి గదిలో భద్రంగా ఉంది. ఆ ఫిల్ము స్కాన్లు మనకూ దొరుకుతాయి. 2015లో ఫ్లికర్ అనే ఫొటోల సైటులో పెట్టిన ప్రాజెక్ట్ అపోలో ఆర్కైవ్‌లో వేల ఫొటోలున్నాయి. ఇంకా పెద్దవి కావాలంటే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల "మార్చ్ టు ద మూన్" సైటులో టిఫ్ ఫైళ్లే ఉన్నాయి.

అక్కడ "మూన్ ఫొటో" అని వెతికితే పొద్దు గూకుతుంది. ఫ్రేమ్ నంబరుతో వెళ్లండి. ఏఎస్11-40-5903 తీసుకోండి: 11 మిషన్, 40 ఫిల్ము మ్యాగజైన్, 5903 ఆ ఫ్రేము. చంద్రుడి మీద అపోలో 11 వ్యోమగామి ఆల్‌డ్రిన్ నిలబడి ఉన్న ఆ ప్రసిద్ధ ఫొటో ఇదే. మన చార్టుల్లో సగం వాటికి కింద ఆర్మ్‌స్ట్రాంగ్ అని రాసి ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు, కానీ ఆల్‌డ్రిన్ హెల్మెట్ అద్దంలో, ఫొటో తీస్తూ! పూర్తి స్కాన్ తెరిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆల్‌డ్రిన్ తల పైన చోటే లేదు, వీపు మీది యాంటెన్నా కొస ఫ్రేములో తెగిపోయింది. మనం రోజూ చూసే కాపీల్లో పైన నల్లటి ఆకాశం తర్వాత అతికించిందే. టైటిల్ వేయడానికి నాకు ఆ నలుపు అవసరమే. కానీ "ఒరిజినల్" అని రాయమంటే మాత్రం రాయను.

ఏఎస్17-148-22727 కూడా అంతే. 1972 డిసెంబరు 7న అపోలో 17 తీసిన నిండు భూగోళం. ఒరిజినల్ ఫ్రేములో దక్షిణ ధ్రువం పైన ఉంటుంది. "తలకిందులుగా వచ్చిందండీ" అని ఫోన్ చేయకండి.

అపోహ: అంతరిక్ష నౌక తీసిందంటే హై రిజల్యూషనే.

వాయేజర్ నౌక కెమెరాలో ఒక ఫ్రేము 800 బై 800 పిక్సెళ్లు. అంతే! 1990 ఫిబ్రవరి 14న దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి అది తీసిన ఫొటోలో మన భూమికి ఒక పిక్సెల్ కూడా పూర్తిగా రాలేదు. దాన్ని గోడంత చేయమంటే చేసేదేముంది? ఏఐతో పెద్దది చేయిస్తే లేని గీతలు, లేని గుంతలు పుడతాయి. సైన్స్ ఫెయిర్‌కి అది పనికిరాదు. అటు 2015లో విడుదలైన హబుల్ టెలిస్కోపు ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటో చూస్తే 150 కోట్ల పిక్సెళ్లు, పూర్తి ఫైలు 4 జీబీ పైమాటే. పదడుగులకి అందులో చిన్న సైజు చాలు.

అపోహ: నాసావి ఎలాగైనా వాడుకోవచ్చు, ఇస్రోవి అసలు దొరకవు.

రెండూ తప్పే. నాసా తీసిన ఫొటోల మీద సాధారణంగా కాపీరైట్ ఉండదు, కానీ నాసా లోగో వేరు. కోచింగ్ సెంటర్ అడ్మిషన్ల ఫ్లెక్స్ మీద వ్యోమగామిని పెట్టి పక్కన ఆ లోగో వేస్తే, నాసా మీ సంస్థను మెచ్చుకున్నట్టు అర్థం వస్తుంది. అది కుదరదు. యూరప్ అంతరిక్ష సంస్థ ఈసా ఫొటోలకు క్రెడిట్ లైను తప్పనిసరి.

ఇస్రో డేటా ప్రదాన్ అనే పోర్టల్‌లో ఉంది. రిజిస్టర్ చేసుకోవాలి. చంద్రయాన్-2 డేటా 2020 డిసెంబరు నుంచి అందరికీ తెరిచారు. అందులో ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా ఫొటోల్లో ఒక్కో పిక్సెల్ చంద్రుడి నేల మీద పావు మీటరు. అయితే అవి జేపెగ్‌లు కావు, ఇమేజ్ ఫైలుకి తోడు ఒక లేబుల్ ఫైలు వస్తుంది. ఫోన్లో తెరుచుకోలేదని డిలీట్ చేయకండి, కంప్యూటర్లో క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. ప్రింటు వేసేముందు వాడకం నిబంధనలు కూడా చదవండి.

అపోహ: ఇది దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి తీసిన ఇండియా ఫొటో.

ఏటా వస్తుంది, రంగురంగుల దీపాలతో. అది ఒక రాత్రి తీసిన ఫొటోయే కాదు. 1992, 1998, 2003 నాటి ఉపగ్రహ డేటా కలిపి, ఊళ్ల వెలుగులు ఎప్పుడెప్పుడు పెరిగాయో రంగుల్లో చూపించిన మ్యాపు. దీపావళి సమయంలో నిజంగా తీసింది కావాలంటే నాసా ఎర్త్ అబ్జర్వేటరీలో 2012 నవంబరు 12 నాటిది ఉంది. అందులో రంగులుండవు. టపాకాయల వెలుగు అంత ఎత్తు నుంచి విడిగా తెలియదు కూడా.

మన ఊరే కావాలంటారా? వ్యోమగాములు తీసిన భూమి ఫొటోలకు జాన్సన్ స్పేస్ సెంటర్ వాళ్ల గేట్‌వే సైటు ఉంది. విజయవాడకైతే అక్షాంశం 16.5, రేఖాంశం 80.6 కొట్టి వెతకండి. మబ్బుల శాతం పక్కనే ఉంటుంది, తక్కువున్నవి తీసుకోండి. ఫ్రేమ్ నంబరు కూడా రాసుకొస్తే మా టేబుల్ దగ్గర పని తొందరగా తెములుతుంది.