సున్నం గోడకు సిమెంటు అతుకు

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద నిలబడి తల పైకెత్తి చూస్తే, ఫ్లెక్సీల వెనకా కరెంటు తీగల వెనకా ఇంకా కొన్ని పాత మేడలు కనిపిస్తాయి. కింద సెల్‌ఫోన్ల షాపు, పైన కమాను కిటికీలు, పిట్టగోడ సందులో ఒక రావి మొక్క. ఏటా వానలు వెళ్ళాక ముందు గోడ పెచ్చులూడి రోడ్డు మీద పడతాయి. పాతబడిపోయింది, కొట్టేసి కట్టుకోవడమే మేలని కొందరంటారు. బాగు చేయించి నిలుపుకోవాలని కొందరంటారు. ఈ రెండోవాళ్ళు పిలిపించే మేస్త్రీ ముందుగా లెక్క వేసేది సిమెంటు ఎన్ని బస్తాలు కావాలని. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ గోడలు కట్టిన నాటికి మన దగ్గర సిమెంటు లేదు. 1904లో మద్రాసులో సముద్రపు గుల్లలతోనే సిమెంటు చేయబోయారు గానీ ఆ ఫ్యాక్టరీ నిలదొక్కుకోలేదు. దేశంలో సిమెంటు తయారీ నిలబడింది 1914లో, పోరుబందరులో. అంతకు ముందు కట్టినవన్నీ, ఆ తర్వాత చాలా ఏళ్ళు కట్టినవాటిలో ఎక్కువ భాగం, సున్నంతో లేచినవే.

ఈ తీరానికి సున్నం కొరత లేదు. పులికాట్ సరస్సు అడుగున గుల్లలు మేటలు వేసి ఉండేవి. బకింగ్‌హాం కాలువలో పెదగంజాం నుంచి మద్రాసు దాకా పడవలు తిరిగేవి కాబట్టి బరువు సరుకుకు దారి ఖర్చు తక్కువ. గుల్లను బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి విరగ్గొట్టి, ఇసుకా ఇటుక పొడీ కలిపి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద గానుగ ఆడేవాళ్ళు. అందుకే అది గానుగ సున్నం. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవాళ్ళు. బెల్లం ఉంటే సున్నం తొందరపడి గట్టిపడదు, మేస్త్రీకి చేయి తిప్పుకునే టైం దొరుకుతుంది. కోడిగుడ్ల కథ ఊరూరా చెబుతారు గానీ, గుడ్డుసొన పడేది అద్దంలా మెరిసే పై గచ్చులో. అదీ కలిగినవాళ్ళ ఇళ్ళలో. గోడంతా గుడ్లతో కట్టారంటే నేను నమ్మను.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. అయినా ఇటుక కన్నా మెత్తగానే ఉంటుంది. దాని గొప్పతనమే ఆ మెత్తదనం. గోడలోకి దిగిన చెమ్మ ఇటుకల మధ్య సందుల గుండా బయటికి పోతుంది. అరిగితే సందులోని సున్నం అరుగుతుంది, ఇటుక మిగులుతుంది. తరానికోసారి సందులు గీకి కొత్త సున్నం పెట్టుకుంటే చాలు.

ఈ పద్ధతి మన జిల్లాలో ఎప్పుడు తెగింది? నా లెక్కలో తుఫానులూ సిమెంటు ధరా కలిసి తెంచాయి. 1982 దాకా సిమెంటు మీద పూర్తి ప్రభుత్వ కంట్రోలు, ఇల్లు కట్టాలంటే పర్మిట్ కోసం తిరగాలి. ఆ ఏడు కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర ఒక తుఫాను, 1989 నవంబరులో కావలి దగ్గర ఇంకోటి తీరం దాటాయి. దెబ్బతిన్న గోడలున్నాయి, వీధి చివర షాపులో సిమెంటు ఉంది, గానుగలు మూతపడ్డాయి. ఇంకేం చేస్తారు? కావలిలో మా తాతగారి ఇంటికీ అప్పుడే సిమెంటు పూత పడింది. గట్టిగా, సాఫీగా, కొత్త ఇల్లులా ఉందని అందరం మురిసిపోయాం. పదేళ్ళు తిరక్కుండానే మోకాలి ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పూసింది.

సిమెంటు పూతకు వెంట్రుకవాసి పగులు చాలు, వాన లోపలికి దిగుతుంది. దిగిన నీరు మాత్రం బయటికి రాలేదు. సందులన్నీ సిమెంటుతో బిగించేసి ఉంటే చెమ్మకు మిగిలిన దారి ఇటుకే. ఆరేటప్పుడు ఉప్పు ఇటుక చర్మం కింద గడ్డకట్టి, లోపలి నుంచి దాన్ని పొడిపొడిగా రాలుస్తుంది. అలాంటి గోడను దగ్గరగా చూడండి: సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా గళ్ళ చట్రంలా నిలిచి ఉంటాయి, ఆ గళ్ళ మధ్య ఇటుక గుంటపడి ఉంటుంది. జనం దాన్ని ముసలితనం అంటారు. నిజానికి అది రిపేరు చేసిన గాయం.

చట్టం వైపు నుంచి ఆసరా తక్కువ. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం రక్షిత కట్టడంగా ప్రకటించినవాటికే వర్తిస్తుంది. బజారులోని మేడ సంగతి యజమాని ఇష్టం.

బాగు చేయడం తెలియని విద్యేం కాదు. పాత సున్నం ముక్కను పలుచని యాసిడ్‌లో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది, పాళ్ళు దాదాపుగా తెలుస్తాయి. ముందు వాననీటి గొట్టాలు సరిచేయాలి, రావి మొక్కను వేరుతో సహా తీయాలి. ఆ తర్వాతే సందుల్లోని సిమెంటు తీసే పనికి దిగాలి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు తెగుతాయి. ఉలీ సుత్తీ పట్టుకుని, సందు వెడల్పుకు రెండింతల లోతు దాకా ఓపిగ్గా తీయాల్సిందే. పైన ప్లాస్టిక్ పెయింటు వద్దు, సున్నపు పూతే వేయాలి.

సరుకు మాత్రం మునుపటిలా దొరకదు. పులికాట్ 1976లో పక్షుల అభయారణ్యమైంది, గుల్ల తవ్వుకోవడం కుదరదు. ఆ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేటే 2022లో మన జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు పోయింది. ఇప్పుడు దిక్కు పిడుగురాళ్ళ రాతి సున్నం. అదైనా బస్తా విప్పిన పొడి పనికిరాదు, చాలా వరకు గాలి తగిలే బిగువు చచ్చిపోయి ఉంటుంది. కాల్చిన గడ్డలే తెచ్చి ఇక్కడ విరగ్గొట్టుకోవాలి.

అన్నిటికన్నా మొండిది కాలం. మనకు వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. మే ఎండలో సున్నం పెడితే రాయి కాకముందే ఎండి బీటలిస్తుంది. తడి గోనెపట్టాలు వేలాడదీసి ఎంతని కాపాడతారు? మిగిలింది జనవరి, ఫిబ్రవరి. సర్కారు భవనమైతే బిల్లుల హడావుడి మార్చిలో, పని మొదలయ్యేది మేలో. జనవరిలో తాపీ గోడకు తగలాలంటే, అక్టోబరుకే సున్నం తొట్టిలో నానుతూ ఉండాలి.