గ్లాసులో కదిలేదంతా సైక్లాప్స్ కాదు: చెరువు పురుగుల మీద అపోహలు, వాస్తవాలు

భీమవరం, ఆకివీడు వైపు చేప పిల్లల్ని పెంచే నర్సరీ చెరువు గట్టున గ్లాసుడు నీళ్లు ముంచి ఎండకెత్తి చూస్తే వినిపించే మాట ఒకటే: "సైక్లాప్స్ పడ్డాయి." సైక్లాప్స్ అంటే కంటికి ఆనీ ఆనని నీటి పురుగుల్లో ఒకటి. ఆ ఒక్క పేరు కిందే చేప పిల్లల మేతనూ శత్రువునూ కలిపేస్తున్నాం.

అపోహ: ఎగిరెగిరి ఈదేవన్నీ సైక్లాప్సే.

పది రెట్ల భూతద్దం చాలు, తేడా తెలుస్తుంది. ఒళ్లు గుండ్రంగా ఉండి, తల పక్కన కొమ్మల్లా చీలిన రెండు మీసాలతో తెడ్లు వేసినట్టు ఈదేవి క్లాడోసెరాలు. వీటిలో మన వేడికి డాఫ్నియా కంటే మొయినా, సెరియోడాఫ్నియా, డయాఫనోసోమాలే ఎక్కువ తగులుతాయి. ముందు లావు, వెనక సన్నం, తోక చివర చీలిక ఉంటే కోపిపోడ్. ఇక మీసం కొలవండి. వెనక్కి వాలిస్తే తోక దాకా వచ్చేది కలనాయిడ్. అంత పొడవు లేక ముందు భాగంతోనే ఆగేది సైక్లోపాయిడ్, అసలు సైక్లాప్స్ ఈ గుంపుదే. మీసం ఉందా లేదా అన్నట్టుండి అడుగు బురదలో పాకేది హార్పాక్టికాయిడ్. ఆడవాటి గుడ్ల సంచులు ఇంకా తేలిక గుర్తు: సైక్లోపాయిడ్‌కు అటొకటి ఇటొకటి, మన చెరువుల్లోని డయాప్టమిడ్ కలనాయిడ్లకు కడుపు కింద ఒక్కటే.

కోపిపోడ్ జాతి పేరు తేల్చాలంటే మాత్రం గ్లిజరిన్ చుక్కలో రెండు సూదులతో అయిదో జత కాలు విడదీసి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. ఫోన్ ఫొటో చూసి జాతి చెప్పేవారి మాట పట్టించుకోకండి. నమూనా దాచేటప్పుడు ఉత్త ఫార్మలిన్ పోస్తే క్లాడోసెరాల పెంకు బుడగలా ఉబ్బి గుడ్లు బయటికి జారిపోతాయి, లెక్క తప్పుతుంది. లీటరు 4 శాతం ఫార్మలిన్‌లో 40 గ్రాముల పంచదార కలిపితే ఈ బెడద తగ్గుతుంది.

50 లీటర్ల నీరు వడపోస్తే ట్యూబులో 1 మి.లీ. పురుగులు పేరుకున్నాయని స్పాన్ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన చేప పిల్లలు) వదిలేస్తారు. అందులో సగం సైక్లోపాయిడ్లయితే అవి స్పాన్‌నే కొరుకుతాయి. మొయినా అయితే అదే స్పాన్‌కు మేత. కాబట్టి కొలతతో పాటు అందులో ఏముందో కూడా చూడాలి.

అపోహ: సబ్బు-నూనె కొడితే సైక్లాప్స్ చస్తాయి.

హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు అన్న లెక్క గాలి కోసం పైకి వచ్చే నీటి పురుగులకు. నూనె పొర వాటి ఊపిరి దారిని మూసేస్తుంది. గాలి వీచి పొర చెదిరితే అదీ పనిచేయదు. కోపిపోడ్లు నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే ఒంటితో తీసుకుంటాయి, వాటికి ఆ పొరతో పనేముంది? ఇక్కడ మందు కంటే అదును ముఖ్యం. వెచ్చని నీటిలో మొయినా అయిదు రోజుల్లోపే తల్లవుతుంది. కోపిపోడ్ ఆరు నాప్లియస్ (తొలి పిల్ల) దశలు, అయిదు కోపిపోడిడ్ (ఎదిగే పిల్ల) దశలు దాటాకే పెద్దదవుతుంది. నీళ్లు పెట్టి స్పాన్ ఆలస్యం చేసేకొద్దీ కోపిపోడ్లు ఎదగడానికి మనమే వ్యవధి ఇస్తున్నాం.

అపోహ: ఎర్ర మొయినా మేలు రకం.

రకం అదే. నీటిలో ఆక్సిజన్ తగ్గితే హిమోగ్లోబిన్ పెంచుకుని ఎర్రబడుతుంది. ఎరుపు కనిపిస్తే సంబరపడేముందు తెల్లవారుజామున ఆక్సిజన్ కొలవండి.

అపోహ: వరి మడిలో చిన్న గుల్లలు నత్త పిల్లలు.

రెండు చిప్పల మధ్య నుంచి కాళ్లాడిస్తూ గబగబా ఈదుతుంటే ఆస్ట్రకాడ్ అనే నీటి పురుగు. నత్తకు చిప్ప ఒకటే, నడకా నెమ్మదే.

అపోహ: యాంకర్ వార్మ్ వానపాము జాతి, చేప పేను పేనే.

యాంకర్ వార్మ్ అంటే లెర్నియా. అది అచ్చంగా కోపిపోడ్. చేప కండలోకి తల దింపేది ఆడది మాత్రమే, బయట వేలాడే కొసన సైక్లాప్స్‌కున్నట్టే రెండు గుడ్ల సంచులుంటాయి. మందు, నీటిలో ఈదే పిల్ల దశలకే తగులుతుంది. దిగబడిన తల్లి బతికి మళ్లీ గుడ్లు వదులుతుంది, అందుకే ఒక్క మోతాదుతో తీరదు.

చేప పేను, ఆర్గులస్, కోపిపోడ్ కాదు, బ్రాంకియూరా అనే వేరే గుంపుది. దాని దగ్గరి చుట్టాలు పాముల ఊపిరితిత్తుల్లో బతికే పెంటాస్టోమిడ్లంటే చాలామంది నమ్మరు. ఇది గుడ్లు మోయదు. చేపను వదిలి గుంజలకు, రాళ్లకు వరసగా అంటిస్తుంది. చెరువులో వెదురు గుంజలు పాతి, వారానికోసారి పీకి ఎండలో ఆరబెడితే ఆ గుడ్లు పోతాయి. ఈ ఉపాయం లెర్నియా మీద పారదు, దాని గుడ్లు దాని ఒంటి మీదే ఉంటాయి కదా.

అపోహ: చెరువు ఎండగట్టాం, అన్నీ పోయాయి.

గాలి వాటుకు గట్టు వార మిరియాల పొడిలా తేలే నల్లని నలుసులు చూసే ఉంటారు. అవి క్లాడోసెరాల ఎఫిప్పియాలు, గట్టి తొడుగులోని నిద్ర గుడ్లు. కాలువలు కట్టేసిన వేసవిలో బురద నెర్రెలిచ్చినా అందులో బతికే ఉండి, కొత్త నీరు తగలగానే పిల్లలవుతాయి. మొయినా కావాలనుకునేవారు ఎండిన ఆ పైపొర మట్టిని గీకి పారేయకుండా ఉంచుకోవాలి.