“కొత్త మందుల ట్రయల్‌లో సగం మందికి ఉత్తుత్తి మాత్రలేనట కదా సార్?”

పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొన్న నా గదిలో కన్నీళ్లతో అడిగిన మాట ఇది. “మా నాయన మీద ప్రయోగం చేస్తారా?” అని కూడా అన్నాడు. తిరుపతిలో ఏఎంఎల్ అనే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ రోగులకు చికిత్స చేస్తున్న నాకు ఈ భయం కొత్త కాదు. అతని మీద నాకు కోపం లేదు, ఆ భయాన్ని ఊరూరా పంచుతున్న వాట్సాప్ సందేశాల మీదే కోపం.

అపోహ: ట్రయల్‌లో చేరితే కొందరికి మందే ఇవ్వరు.

వాస్తవం: ఇంత తీవ్రమైన జబ్బులో ఎవరినీ మందు లేకుండా వదలరు. ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మాత్ర, ఉంటే అది మామూలు చికిత్సకు తోడుగానే ఉంటుంది. 2020లో ఫలితాలు వెలువడిన వయాలె-ఏ ట్రయల్‌లో గట్టి కీమో తట్టుకోలేని రోగులను చేర్చుకున్నారు. రెండు వర్గాలకూ మామూలు చికిత్స అయిన అజాసిటిడిన్ ఇచ్చారు. ఒక వర్గానికి దానితోపాటు వెనిటోక్లాక్స్, రెండో వర్గానికి ప్లాసిబో. మధ్యస్థ జీవితకాలం (సగం మంది రోగులు దాటి బతికిన కాలం) ప్లాసిబో వర్గంలోని 9.6 నెలల నుంచి వెనిటోక్లాక్స్ వర్గంలో 14.7 నెలలకు పెరిగింది. పెద్ద వయసు వారికి నేను ఈరోజు రాస్తున్న జోడీ అదే.

చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇదే పుకారు నమ్మి, ఏ చికిత్సా వద్దని ఇరవై రోజులు ఇంట్లోనే ఉండిపోయారు. తిరిగి వచ్చేసరికి తెల్లకణాలు లక్ష దాటాయి, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. ఆ ఇరవై రోజులు ఆయనకు ఎవరు తిరిగిస్తారు?

అపోహ: మందులు ఎన్ని కలిపితే అంత మంచిది.

కాదు. ఏఎంఎల్ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉంటుంది. క్యాన్సర్ కణాన్ని బతికించే బీసీఎల్-2 అనే ప్రొటీన్‌ను వెనిటోక్లాక్స్ అడ్డుకుంటే, ఆ కణం ఎంసీఎల్-1 అనే మరో ప్రొటీన్‌ను ఆసరా చేసుకుంటుంది. ఎఫ్ఎల్‌టీ3ను అడ్డుకునే గిల్టెరిటినిబ్ లాంటి మందు ఆ ఆసరాను బలహీనపరుస్తుంది. అయితే అజాసిటిడిన్, వెనిటోక్లాక్స్, గిల్టెరిటినిబ్ మూడూ కలిస్తే రక్తకణాల కౌంట్లు పడిపోయి చాలాకాలం కోలుకోవు. అందుకే వెనిటోక్లాక్స్ ఎన్ని రోజులు చాలునో ట్రయల్స్‌లో తేలుస్తున్నారు.

మాత్రలే కదా అని ఇంట్లో సొంతంగా మార్చకండి. ఫంగస్ ఇన్ఫెక్షన్‌కు పోసకొనజోల్ అనే మందు మొదలుపెడితే వెనిటోక్లాక్స్ 400 మిల్లీగ్రాముల నుంచి 70కి తగ్గించాలి. బొప్పాయి ఆకు రసం ఈ జబ్బుకు మందు కాదు.

పలమనేరు అబ్బాయి ట్రయల్ తెలుగు అంగీకార పత్రాన్ని తండ్రికి చదివి వినిపించాడు. “మధ్యలో వద్దనుకుంటే?” అని తండ్రి అడిగారు. ఎప్పుడైనా బయటికి రావచ్చని, అయినా మామూలు చికిత్స ఆగదని చెప్పాను. వాళ్లు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఎఫ్ఎల్‌టీ3 రిపోర్టు రావాలి. ఈలోగా పెరుగుతున్న తెల్లకణాలకు హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టాం.