గొట్టపు బావిలో పాషాణం

పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి 1983లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకు వచ్చిన కొందరు రోగుల ఒంటిమీద, వానచినుకులు పడి ఆరినట్టు, నల్లటి మచ్చలు, వాటి మధ్య తెల్లటి చుక్కలు కనిపించాయి. అరచేతుల్లో, అరికాళ్లలో ఆనెకాయల్లాంటి గట్టి బొడిపెలు లేచాయి. చర్మవైద్యుడు కె.సి. సాహా వాటిని ఆర్సెనిక్ గుర్తులుగా పోల్చుకున్నారు. రోగులు తాగుతున్నవి గొట్టపు బావుల నీళ్లు. ఆ నీళ్లు తేటగా ఉంటాయి, రుచిలో తేడా ఉండదు, వాసన రాదు.

పాషాణం, అరిదళం, మణిశిల అన్న పేర్లతో ఆర్సెనిక్ సమ్మేళనాలు తెలుగువారికి ఏనాటి నుంచో తెలుసు. రసాయనశాస్త్రం దీన్ని అర్ధలోహమంటుంది గానీ, ప్రజారోగ్యం విషలోహాల సరసనే చేరుస్తుంది. అయితే కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే ఇది క్యాన్సర్ తెచ్చిపెడుతుందన్న సంగతి మొదట ఒక మందు ద్వారా బయటపడింది. ఇంగ్లండులో థామస్ ఫౌలర్ 1786లో జ్వరాలకు మందుగా ప్రకటించిన ఆర్సెనిక్ ద్రావణాన్ని వైద్యులు వందేళ్లకు పైగా రకరకాల జబ్బులకు వాడారు. దాన్ని దీర్ఘకాలం తాగినవారిలో చర్మ క్యాన్సర్ వస్తోందని 1880ల చివర్లో లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ గమనించారు. తైవాన్ నైరుతి తీరంలో 40 వేలమందికి పైగా పరీక్షించిన పరిశోధకులు, బావినీళ్లలో ఆర్సెనిక్ పెరిగినకొద్దీ చర్మ క్యాన్సరూ పెరుగుతోందని 1968లో తేల్చి చెప్పారు.

ఆ తర్వాతే, 1970లలో, బంగ్లాదేశ్‌లో ప్రభుత్వమూ యునిసెఫ్ కలిసి లక్షలాది గొట్టపు బావులు వేయించాయి. చెరువు నీళ్లు తాగి అతిసారంతో పిల్లలు చనిపోతున్న రోజులవి కాబట్టి ఆ ప్రయత్నంలోని సదుద్దేశాన్ని శంకించలేం. కానీ నీళ్లకు చేయించిన పరీక్షల్లో ఆర్సెనిక్ లేదు. తైవాన్ ఫలితాలు అప్పటికే అచ్చులో ఉన్నాయన్నది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుప తుప్పును అంటిపెట్టుకుని ఉన్న ఆర్సెనిక్, గాలి ఆడని పొరల్లో బ్యాక్టీరియా ఆ తుప్పును కరిగించడంతో నీళ్లలోకి విడుదలవుతుంది. బంగ్లాదేశ్‌లో దీన్ని తొలిసారి 1993లో చపాయ్ నవాబ్‌గంజ్‌లో గుర్తించారు. 1998–99 సర్వేలో లోతు తక్కువ బావుల్లో 27 శాతం, లీటరుకు 50 మైక్రోగ్రాముల జాతీయ పరిమితిని దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి పదే. ఆ తర్వాత ఊరూరా పంపులకు రంగులు పూశారు. ఎరుపు వేసిన పంపు నీళ్లు తాగకూడదు, ఆకుపచ్చ వేసినవి తాగవచ్చు.

కణంలో జరిగేది అర్థం కావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. మనుషులకు క్యాన్సర్ తెస్తున్న ఈ పదార్థం ప్రయోగశాల ఎలుకల్లో దశాబ్దాలపాటు ఆ ఫలితాన్ని చూపకపోవడం, మామూలు పరీక్షల్లో నేరుగా డీఎన్ఏను దెబ్బతీసినట్టు కనిపించకపోవడం పరిశోధకులను తికమకపెట్టాయి. అది దొంగదెబ్బ తీస్తుంది. డీఎన్ఏకు మరమ్మతు చేసే కొన్ని ప్రోటీన్లలో గంధకం పట్టి ఉంచే జింకు స్థానాన్ని ఆర్సెనిక్ ఆక్రమిస్తుంది. దాంతో ఎండవల్లనో పొగాకువల్లనో రోజూ డీఎన్ఏకు తగిలే గాయాలు మానకుండా మిగిలిపోతాయి. ఒంట్లోంచి పంపించేయడానికి కాలేయం ఆర్సెనిక్‌కు మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులున్న చిన్న ముక్కలు) తగిలిస్తుంది గానీ, ఆ దారి మధ్యలో పుట్టే ఒక రూపం అసలు విషం కంటే చురుకైనది. పైగా ఏ జన్యువు పలకాలో, ఏది మౌనంగా ఉండాలో గుర్తు పెట్టడానికి కణం వాడుకునేదీ ఆ మిథైల్ నిల్వనే కాబట్టి, ఆ గుర్తులూ చెదిరే వీలుంది. తాగునీటి ఆర్సెనిక్ చర్మ, ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది.

విషం ఆగిన వెంటనే ముప్పు ఆగదని చిలీలోని ఆంటోఫగస్టా నగరం చూపింది. అక్కడ 1958 నుంచి 1970 వరకు కుళాయి నీళ్లలో లీటరుకు 800 మైక్రోగ్రాములకు పైగా ఆర్సెనిక్ ఉండేది. శుద్ధి కేంద్రం వచ్చాక నీళ్లు బాగుపడినా, ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు ఆ తర్వాత దశాబ్దాల్లోనూ ఎక్కువగానే నమోదయ్యాయి. ఆ ఏళ్లలో తల్లి గర్భంలో ఉన్నవారూ యౌవనంలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మామూలు కంటే ఎక్కువగా చనిపోయారు. బెంగాల్ పల్లెల్లో 1980లలో ఆ పంపుల నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు ఇప్పుడు నలభై దాటింది.