తక్కువ తిరిగే కారుకే ఆయిల్ దిగులు ఎక్కువ

మా నాన్న కారు ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. పాల బూత్‌కి, గుడికి, ఎప్పుడైనా ఆస్పత్రికి. మిగతా రోజులన్నీ సెల్లార్‌లో కవర్ కిందే. "పదివేలకు కదా ఆయిల్ మార్చాలి, ఇంకా ఐదేళ్లు ఆగొచ్చు" అని ఆయన లెక్క. మొన్న మెకానిక్ ఆయిల్ పోసే మూత విప్పి చూపించాడు. లోపల లేత పసుపు రంగులో మీగడలాంటిది కట్టి ఉంది. "తడి చేరిందండీ" అన్నాడు.

ఇంజన్‌లోకి తడి ఎక్కడిది? పెట్రోలులోంచే పుట్టింది. పెట్రోలులోని హైడ్రోజన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు వస్తుంది. నమ్మబుద్ధి కాదు గానీ, పొద్దున్నే సైలెన్సర్ గొట్టం నుంచి కారే చుక్కలు అవే. చాలావరకు ఆవిరి పొగతోపాటు బయటికి పోతుంది. కొద్దిగా మాత్రం సిలిండర్‌లో పైకీ కిందికీ కదిలే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. వేడి అన్నం గిన్నె మూత లోపల చుక్కలు కట్టినట్టే, అక్కడి చల్లని లోహానికి తగిలి నీరవుతుంది.

కారు అరగంట ఆగకుండా నడిస్తే ఆయిల్ 90, 100 డిగ్రీల దాకా వేడెక్కి ఆ నీరు మళ్లీ ఆవిరై వెళ్లిపోతుంది. పాల బూత్‌కి వెళ్లొస్తే గోరువెచ్చన అవుతుందేమో, అంతే. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందిగా అనుకోవద్దు. అది చూపించేది కూలెంట్ వేడి, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడి. ఆయిల్ అంత వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది.

నీటితో పాటు పెట్రోలు కూడా చేరుతుంది. చల్లగా ఉన్న ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి. అందులో పూర్తిగా మండనిది సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. అందుకే ఇలాంటి కార్లలో డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంత ఉందో చూసే కడ్డీ) మీద మట్టం తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది. "ఆయిల్ అసలు తగ్గలేదు" అని సంతోషపడేవాళ్లను చూశాను. అది సంతోషించే విషయం కాదు.

అసలు నష్టం ఆమ్లాలతో. మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు నీటితో కలిసి ఆమ్లమవుతాయి. వాటికి విరుగుడుగా ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం లాంటి క్షార పదార్థాలు ముందే కలిపి ఉంచుతారు. అవి ఖర్చయ్యాక ఆమ్లం బేరింగుల మీద, అంటే ఇంజన్‌లో తిరిగే భాగాలను మోసే లోహపు ముక్కల మీద పడుతుంది. సెల్లార్‌లో కారు నెలలు నిలబడి ఉంటే, అన్నాళ్లూ ఆ ఆయిల్ పొరే బేరింగులకు అంటుకుని ఉంటుంది. మాన్యువల్‌లో "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని రాసేది ఇందుకే. తిరిగేవన్నీ రెండు మూడు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులే అయితే నేను ఏడాది కూడా ఆగను, ఆరు నెలలకే మార్పిస్తాను. అప్పుడప్పుడూ దూరం వెళ్లే కారుకు ఏడాదికోసారి చాలు. నెలల తరబడి పక్కన పెట్టేస్తున్నట్టయితే, పెట్టే ముందే మార్చాలి. తిరిగి తీసేటప్పుడు మారిస్తే అప్పటికే ఆమ్లం తన పని చేసేస్తుంది.

చాలామంది మంచిదనుకుని చేసే పని ఒకటుంది: వారానికోసారి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉంచి ఆపేయడం. దయచేసి మానేయండి. నీరు పుడుతుంది గానీ ఆవిరయ్యేంత వేడి రాదు. స్టార్టర్ వాడుకున్నది కూడా బ్యాటరీకి పూర్తిగా తిరిగి చేరకపోవచ్చు.

ఒక జాగ్రత్త: మూతకింద మీగడతో పాటు కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే అది వేరే జబ్బు, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య సీలులా ఉండే పలక) లీకు కావచ్చు. నాన్న కారులో కూలెంట్ సరిగ్గానే ఉంది. ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించాం. ఇప్పుడాయన ఆదివారం పొద్దున ట్రాఫిక్ లేనప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు తిరిగొస్తున్నారు. మూడో ఆదివారం ఇంజన్ చల్లారాక తనే మూత విప్పి, వేలితో తుడిచి చూపించారు. పొడిగా ఉంది.