లివర్‌కి పాకిన పెద్దపేగు క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో లివర్ ఆపరేషన్లు చేసే డాక్టర్‌ని. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే మనవాళ్లు కూర్చోగానే అడిగేది ఒకటే, "లివర్‌కి పాకిందంటే ఇంక అయిపోయినట్టే కదండీ?" అని.

అపోహ: నాలుగో స్టేజ్ కాబట్టి ఆపరేషన్ దండగ.

నాలుగో స్టేజ్ అన్నమాట నిజమే. కానీ పేగుల రక్తం పోర్టల్ వెయిన్ అనే రక్తనాళం గుండా ముందు లివర్‌కే చేరుతుంది కాబట్టి కొందరిలో జబ్బు ఇంకెక్కడికీ పోకుండా అక్కడే ఉంటుంది, అలాంటప్పుడు గడ్డలన్నీ పూర్తిగా తీసేయగలిగితే నూటికి సుమారు 40 మంది ఐదేళ్లు దాటుతున్నారు. అందరికీ కుదరదు, మొదట్లోనే కుదిరేది ఐదుగురిలో ఒకరికి. కీమోతో గడ్డలు చిన్నవై ఆ తర్వాత కుదిరేవాళ్లూ ఉన్నారు.

అపోహ: లివర్‌కి రెండు వైపులా గడ్డలుంటే ఆపరేషన్ చేయలేరు.

ఎన్ని గడ్డలున్నాయన్నదానికంటే, తీసేశాక ఎంత లివర్ మిగులుతుందన్నదే మాకు ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే 20-25 శాతం, కీమో బాగా పడినదైతే 30 శాతమైనా మిగలాలి. చాలదనిపిస్తే తీయబోయే వైపు పోర్టల్ వెయిన్‌ను ముందే మూసేస్తాం, కొన్ని వారాల్లో రెండో వైపు పెరుగుతుంది. రెండు విడతల్లో చేసే పద్ధతీ ఉంది, 3 సెంటీమీటర్ల లోపు గడ్డల్ని చాలావరకు సూదితోనే కాల్చేయొచ్చు. అందుకే "కుదరదు" అన్న మాట లివర్ సర్జన్ స్కాన్ చూశాక చెబితేనే నమ్మండి.

అపోహ: కీమోకి గడ్డలు మాయమయ్యాయి, ఇంక ఆపరేషన్ ఎందుకు?

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. స్కాన్‌లో కనపడనంత మాత్రాన కణాలన్నీ చచ్చిపోయినట్టు కాదు, చాలాసార్లు అక్కడే మళ్లీ లేస్తాయి. పైగా నెలల తరబడి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తూ పోతే మిగలాల్సిన లివరే దెబ్బతింటుంది, ఆపరేషన్ రిస్క్ పెరుగుతుంది.

అపోహ: కత్తి పెడితే పాకుతుంది.

అలా జరగదు. జాగ్రత్తపడాల్సింది బయాప్సీ దగ్గర: ఆపరేషన్‌తో తీయగలిగే గడ్డకి సూది వేస్తే ఆ దారిలో కణాలు పడే అవకాశం కొంత ఉంది, కాబట్టి ముందు సర్జన్‌ని అడగండి.

అపోహ: ఆపరేషన్ అయితే మళ్లీ రాదు.

సగం మందికి పైగా మళ్లీ వస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అందుకే సీఈఏ అనే రక్తపరీక్ష, స్కాన్లు మానొద్దు, లివర్‌లోనే తిరిగి వస్తే కొందరికి రెండోసారి కూడా తీయొచ్చు.

చెన్నై వచ్చేటప్పుడు రిపోర్టు కాగితాలొక్కటే కాదు, స్కాన్ సీడీలు తెచ్చుకోండి, ముఖ్యంగా కీమో మొదలుపెట్టకముందు తీసినది. మాయమైన గడ్డ ఎక్కడుండేదో మాకు తెలిసేది దాంట్లోనే.